ఎవరి రక్తమో!

మండవల్లి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. పేరు ప్రకటించవద్దన్నారు, ప్రకటించడం లేదు. కాని ఆవిడ వేసిన ప్రశ్న ఆవిడ ఒక్కరిదీ కాదు. పిల్లలు లేని ఇళ్ళలోనే కాదు, పిల్లలున్న ఇళ్ళలోనూ ఏదో ఒకనాడు పుట్టే ప్రశ్న అది. అందుచేత ఈ వారం ఈ పేజీ అంతా దానికే కేటాయిస్తున్నాను.

ఆవిడకు పెళ్ళయి పదమూడేళ్ళయింది. సంతానం లేదు. ఏలూరులోనూ, విజయవాడలోనూ డాక్టర్లకు చూపించుకున్నారు. చివరికి విసిగి ఆ ప్రయత్నాలు మానుకున్నారు. ఒక పసిబిడ్డను తెచ్చి పెంచుకుందామని భార్యాభర్తలు నిశ్చయించుకుని ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టారు. అత్తగారికి మాత్రం ఇది బొత్తిగా ఇష్టం లేదు. "ఎవరి రక్తమో ఏమిటో! రేపు పెద్దవాడై కన్నవాళ్ళ గుణాలు బయటపెడితే అప్పుడేం చేస్తారర్రా? పెంచుకోదలిస్తే మీ మరిది రెండోవాణ్ణి పెంచుకోండి. వాడైతే మన రక్తం" అంటున్నారట. ఉత్తరం చివర ఆ సోదరి ఇలా వ్రాశారు: "పైకి అత్తగారితో వాదిస్తున్నాను గాని, ఆ భయం నాకూ లోలోపల లేకపోలేదు. అందుకు నాకే సిగ్గుగా వుంది. అత్తగారి మాటలో నిజమెంతో చెప్పండి."

సిగ్గుపడవలసిందేమీ లేదు. మన పెద్దలు ఈ ప్రశ్నకు ఒకటి కాదు, రెండు జవాబులు చెప్పి వుంచారు. "తల్లి చేలో మేస్తే పిల్ల గట్టున మేస్తుందా" అన్నారు. "ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు" అని కూడా అన్నారు. మొదటిది రక్తం పక్షం, రెండోది సావాసం పక్షం. వచ్చిన సంబంధం తప్పించుకోవాలంటే మొదటి సామెత వాడతాం. మన కుర్రవాడు చెడిపోతే తప్పు పక్కింటివాళ్ళ మీదికి నెట్టడానికి రెండో సామెత వాడతాం. ఇంకొంచెం ఆలోచిస్తే మరో చిత్రం కనిపిస్తుంది. దూడ చేలో మేసేది తల్లి రక్తం పంచుకుని పుట్టినందుకా, తల్లి వెంట నడిచినందుకా? ఆ తల్లి కాకపోయినా, దారి చూపిన ఏ ఆవు వెనకాల నడిచినా దూడ చేలోకే పోయేది. రక్తం పక్షాన నిలిపిన సాక్షి కూడా ఇలా సగం సావాసం పక్షాన మాట్లాడుతున్నది!

అలాగని రక్తం అబద్ధమని నేను అనబోవడం లేదు. కోకిల కాకిగూట్లో గుడ్డు పెడుతుంది. కాకి పొదిగి, మేత పెట్టి, సాకుతుంది. రోజూ చెవిలో పడేది కాకి అరుపే అయినా, పెద్దదైన మగకోకిల కోకిలలాగే కూస్తుంది. దాని పాట దాని రక్తంలోనే వుంది. మనిషి సంగతి అలా కాదు. మండవల్లిలో పుట్టిన పసిబిడ్డను నార్వేకు తీసుకుపోయి పెంచితే ఆ బిడ్డ నార్వే భాషే మాట్లాడుతుంది. తెలుగు ఒక్క ముక్క రాదు. మాట్లాడగల శక్తి రక్తంలో వచ్చింది, మాట్లాడే భాష ఇంట్లో వచ్చింది. ఈ రెండింటిలో ఏది ముఖ్యమంటే ఏం చెబుతాం? కెనడా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ హెబ్‌ను ఎవరో ఇలాగే అడిగితే, దీర్ఘచతురస్రపు వైశాల్యంలో పొడుగు వాటా ఎంత, వెడల్పు వాటా ఎంత అని ఆయన ఎదురు ప్రశ్న వేశాడని చెబుతారు. చేను పొడుగు నూరు గజాలుండి వెడల్పు సున్నా అయితే, అక్కడ చేనే లేదు.

మీరు వ్యవసాయ కుటుంబంవారు గనక మీకు వరిచేను భాషలోనే చెబుతాను. స్వర్ణ రకం మీకు తెలియనిది కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధనా కేంద్రంలో పుట్టి, 1982లో రైతులకు అందిన ఎం.టి.యు. 7029 అదే. దిగుబడికి దిట్ట, కాని నిండా మునిగి రోజులు గడిస్తే కుళ్ళిపోతుంది. ఒడిశాలోని ఒక పాత దేశవాళీ వరికి మునక తట్టుకునే గుణం వున్నది. ఆ గుణానికి కారణమైన జన్యువును శాస్త్రజ్ఞులు స్వర్ణలోకి ఎక్కించారు. ఆ కొత్త రకం స్వర్ణ-సబ్1 అనే పేరుతో 2009లో మన దేశంలో విడుదలయింది. ఇది రెండు వారాల దాకా నీళ్ళకింద వున్నా, నీరు తీశాక తిరిగి లేస్తుంది.

ఈ రెండింటినీ పక్క పక్క మళ్ళలో నాటారనుకోండి. ఆ ఏడు వరద రాలేదు. రెండు మళ్ళూ ఒకేలా పండుతాయి. పంట చూసినవాడు ఈ రెండింటికీ తేడా లేదంటాడు. మరుసటి ఏడు బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు ఎగదన్నింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఆ నీరు చివరికి చేరింది మీ కొల్లేరుకే గదా. అప్పుడు ఒక మడి కుళ్ళిపోతుంది, ఒక మడి బతుకుతుంది. మళ్ళీ అదే మనిషి వచ్చి చూసి, అంతా విత్తనంలోనే వుందంటాడు. మొదటి ఏడు అన్నదీ సగం నిజమే, రెండో ఏడు అన్నదీ సగం నిజమే. విత్తనంలో తేడా ఎప్పుడూ వున్నది. అది బయటపడడం, పడకపోవడం మాత్రం నీటి చేతిలో వున్నది. మనిషి గుణాల సంగతీ ఇంతే. కోపమో, తాగుడు వైపు మొగ్గో, దిగులుపడే స్వభావమో కొంత విత్తనంలో రావచ్చు. అది ఏ వరదకు బయటపడుతుందో, అసలు బయటపడుతుందో లేదో, పెరిగిన మడి చెబుతుంది.

ఎలకల మీద చేసిన ఒక ప్రయోగం దీన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. చిక్కుదారులలోంచి బయటపడే నేర్పును చూసి, చురుకైనవాటిని చురుకైనవాటితో, మందమైనవాటిని మందమైనవాటితో తరాల తరబడి జతకట్టి రెండు వంశాలు తయారు చేశారు. 1958లో కెనడాలో కూపర్, జూబెక్ అనే ఇద్దరు ఆ రెండు రకాల పిల్లల్నీ మూడు రకాల ఇళ్ళలో పెంచారు. మామూలు బోనులో పెరిగినప్పుడు వంశపు తేడా బాగా కనిపించింది. ఏమీ లేని ఒట్టి బోనులో పెంచితే చురుకైన వంశపు పిల్లలు కూడా మందమతులై కూచున్నాయి. ఆటవస్తువులూ, మెట్లూ, సొరంగాలూ వున్న బోనులో పెంచితే మందమైన వంశపు పిల్లలు దాదాపు చురుకైన వాటితో సమానంగా వచ్చాయి. వంశం మారలేదు, బోను మారింది.

"ఎలకల మాట మాకెందుకు, మనుషుల మాట చెప్పండి" అని మీ అత్తగారు అనవచ్చు. మంచి మాటే. డెన్మార్కు దేశంలో 1924 మొదలు 1947 దాకా జరిగిన 14,427 దత్తతలను తీసుకుని, కన్నవారికీ, పెంచినవారికీ, పిల్లలకూ కోర్టు శిక్షలు ఎన్ని పడ్డాయో మెడ్నిక్ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన తోటివారూ రికార్డులన్నీ వెదికి 1984లో ప్రకటించారు. మీ భయం సరిగ్గా దీని గురించే గనక, మగపిల్లల అంకెలు చెబుతాను.

కన్నవారికీ శిక్ష లేదు, పెంచినవారికీ లేదు: అలాంటి పిల్లల్లో నూటికి 13.5 మందికి శిక్ష పడింది. పెంచినవారికి మాత్రమే శిక్ష పడ్డచోట 14.7. కన్నవారికి మాత్రమే పడ్డచోట 20. ఇద్దరికీ పడ్డచోట 24.5.

ఈ అంకెల్లో మీ అత్తగారి పక్షం వుంది, దాచను. కన్నవారి ప్రభావం కనిపిస్తూనే వుంది. కాని రెండో వైపునుంచి కూడా చదవండి. నేరానికి శిక్ష పడిన తండ్రికో తల్లికో పుట్టి, మంచి ఇంట పెరిగిన నూరుమందిలో ఎనభై మంది ఏ కోర్టు గుమ్మమూ ఎక్కలేదు. అటూ ఇటూ ఏ మచ్చా లేని పిల్లల్లో కూడా పదముగ్గురికి పైగా ఎక్కారు! పైగా ఆ పెరిగిన భాగం చిల్లర దొంగతనాల వంటి ఆస్తి నేరాలలోనే కనిపించింది గాని, కొట్టడం, చంపడం వంటి నేరాలలో కనిపించలేదు. కన్నతల్లి గర్భంతో వుండగా తిండిలేక పడ్డ బాధా, బిడ్డ కొత్త ఇంటికి చేరేలోపల అనుభవించినదీ కూడా ఈ లెక్కలో "రక్తం" ఖాతాలోనే పడుతుందని గుర్తుంచుకోవాలి. ఇదీ దూరదేశంలో తీసిన లెక్క.

మన గడ్డ మీద జరిగినది ఇంతకన్న పెద్ద కథ. అక్కడ ఒక్క బిడ్డ కాదు, జాతికి జాతే "ఎవరి రక్తమో" అన్న మాటకు బలి అయింది. విజయవాడ నుంచి మద్రాసు పోయే రైలులో బాపట్లకూ చీరాలకూ మధ్య స్టువార్టుపురం అనే స్టేషను వస్తుంది. నేతపని కొందరికి కులవృత్తి అయినట్టే, దొంగతనం కొందరికి కులవృత్తి అనీ, అది తండ్రినుంచి కొడుకుకు వస్తుందనీ నమ్మిన ఇంగ్లీషు ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది. ఆ జాబితాకు ఎక్కినవారిలో ఎరుకలవారు వున్నారు. పేరు నమోదు చేయించుకోవాలి, హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ వుండాలి. సాల్వేషన్ ఆర్మీవారి అజమాయిషీలో వారికోసం పెట్టిన సెటిల్‌మెంటే స్టువార్టుపురం. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి అయిన హెరాల్డ్ స్టువార్ట్ పేరు దానికి పెట్టారు.

అసలు ఆ ఎరుకలవారు అంతకుముందు ఏం చేసేవారు? పశువుల మీద ఉప్పు వేసుకుని కోస్తానుంచి లోపలి ఊళ్ళకు తీసుకుపోయి, అక్కడి ధాన్యం ఇక్కడికి తెచ్చే సంచార వర్తకులు వారిలో ఎందరో వున్నారు. ప్రభుత్వపు ఉప్పు విధానం వచ్చింది, రైలు వచ్చింది, ఆ వర్తకం కాస్తా పోయింది. పరిశోధకురాలు మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన తన గ్రంథంలో ఈ సంగతి వివరంగా చూపించారు. కూడు పోగొట్టినవారే వచ్చి, "మీ రక్తంలో దొంగతనం వుంది" అని ముద్ర వేశారు. ముద్ర పడ్డవాడికి పని ఇచ్చేదెవరు? పని లేనివాడు ఏం చేస్తాడు? చేసిన పని చూపించి, "చూశారా, రక్తం!" అన్నారు. అదే రక్తం పంచుకు పుట్టినవారు మన ఊళ్ళలో బుట్టలల్లుకుంటూ, ఎరుక చెప్పుకుంటూ మర్యాదగా బతుకుతూనే వున్నారన్న సంగతి ఎవరికీ తోచలేదు. 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయినంత తేలికగా మాట పోలేదు.

ఆ మాటతో పోరాడినవారిలో ఇద్దర్ని తలుచుకోవాలి. ఒకరు నాస్తిక కేంద్రం స్థాపించిన గోరాగారి కుమారుడు లవణం; ఇంకొకరు ఆయన భార్య, కవి జాషువాగారి కుమార్తె హేమలత. 1970లలో వారు స్టువార్టుపురం వెళ్ళి, నేరాలు చేసినవారి ఇళ్ళలో కూర్చుని, వారితో భోజనం చేసి, పనీ, భూమీ, పిల్లలకు చదువూ దొరికేటట్టు ప్రభుత్వం చుట్టూ తిరిగారు. హేమలతగారు 2008లో, లవణంగారు 2015లో పోయారు. 2018లో ఆస్ట్రేలియాలో జరిగిన కామన్‌వెల్త్ క్రీడలలో 85 కిలోల తరగతి వెయిట్‌లిఫ్టింగులో మన దేశానికి బంగారు పతకం తెచ్చిన రాగాల వెంకట్ రాహుల్ ఏ ఊరివాడనుకున్నారు? స్టువార్టుపురం వాడే. అతని కండల బలం కొంత పుట్టుకతో వచ్చిందే కావచ్చు. బరువు ఎత్తడం నేర్పిన గురువులూ, ఎత్తడానికి ఇనపగుండ్లూ లేకపోతే ఆ బలం ఎవరికి తెలిసేది?

ఇక "మన రక్తం" అన్న మాట. తల్లినుంచి సగం, తండ్రినుంచి సగం జన్యువులు బిడ్డకు వస్తాయి. ఏ సగం వస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. ఇరవైమూడు జతల క్రోమోసోములు పేకముక్కల్లా కలిసిపోయి, జతకు ఒకటి చొప్పున వస్తాయి. ఒక్క మనిషి నుంచే 83 లక్షలకు పైగా రకాల పంపకాలు సాధ్యం. ముక్కలు మధ్యలో తెగి అతుక్కునే సంగతి ఈ లెక్కలోకి రాలేదు. అందుకే ఒక తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములు ఒకలా వుండరు. మీ మావగారి తమ్ముడొకాయన ఆరెకరాలూ పేకాటలో తగలేశారని మీరే వ్రాశారు. ఆయనది ఎవరి రక్తం? మరిదిగారి రెండోవాడిలో ఆయన పాలు ఎంతో మీ అత్తగారికి మాత్రం ఏం తెలుసు? సొంత బిడ్డను కన్న ప్రతి తల్లీ తెలియని మనిషినే ఇంటికి తెచ్చుకుంటున్నది. పోలికలు చూసి మురిసిపోవడంలో ఆ సంగతి మరిచిపోతున్నదంతే.

రక్తంలో వచ్చినది తప్పించరానిదే అన్నమాట కూడా నిజం కాదు. 1934లో నార్వేలో ఒక తల్లి, బుద్ధి ఎదగని తన ఇద్దరు పిల్లల్ని ఫోలింగ్ అనే డాక్టరు దగ్గరికి తీసుకువచ్చింది. ఆహారంలోని ఫినైల్‌అలనిన్ అనే పదార్థాన్ని వారి శరీరం అరిగించుకోలేకపోతున్నదని ఆయన కనిపెట్టాడు. అది ముమ్మాటికీ వంశపారంపర్యంగా వచ్చే జబ్బే. కాని 1953లో ఇంగ్లండులో బికెల్ అనే డాక్టరు, ఆ పదార్థం బాగా తగ్గించిన ఆహారం పెడితే పిల్ల కుదుటపడుతుందని చూపాడు. పుట్టిన కొద్ది రోజుల్లోనే కనిపెట్టి అటువంటి ఆహారం పెడితే ఆ బిడ్డ మామూలు బిడ్డలాగే పెరుగుతుంది. రాత రక్తంలో వున్నా, దాన్ని దిద్దే కలం వంటింట్లో దొరికింది.

సోదరీ, ఇప్పుడు మీ సంగతికి వస్తాను.

మొదటిది. తీసుకోదలిస్తే ఆలస్యం చెయ్యకండి, వీలైనంత చిన్నబిడ్డను తీసుకోండి. రుమేనియాలో అనాథశాలల్లోని 136 మంది పసివాళ్ళలో సగం మందిని 2000 తర్వాత చీట్లు వేసినట్టు ఎంచి, కుటుంబాల్లో పెట్టి పెంచారు. రెండేళ్ళు నిండేలోపల ఇల్లు దొరికినవారు బాగా కోలుకున్నారు. ఆలస్యమైన కొద్దీ కష్టమయింది. అయితే పెద్దబిడ్డ వస్తే పనికిరాదని దీని అర్థం కాదు, ఎక్కువ ఓపిక కావాలని అర్థం.

రెండోది. చట్టప్రకారమే తీసుకోండి. ఎవరో తెలిసినవారి ద్వారా, ఆస్పత్రి గుమ్మంలో, చేతికి డబ్బిచ్చి తెచ్చుకోవద్దు. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు జిల్లా కలెక్టరే ఇస్తున్నారు. బిడ్డ ఆరోగ్యాన్ని గురించిన నివేదిక మీకు చూపిస్తారు. ఊహించుకుని భయపడేకన్న అది చదివి, మీ డాక్టరుకు చూపించడం మేలు.

మూడోది, అన్నిటికన్న ముఖ్యమైనది. రేపు ఆ బిడ్డ పక్కవాడి పెన్సిలు తెస్తుంది, అబద్ధం ఆడుతుంది, కోపం వచ్చి పళ్ళెం విసురుతుంది. కన్నబిడ్డ ఆ పని చేస్తే "పిల్లచేష్ట" అంటాం. పెంచిన బిడ్డ చేస్తే "రక్తం" అని గొణుగుతాం. ఆ గొణుగుడు బిడ్డ చెవిన పడనివ్వకండి. స్టువార్టుపురానికి ఒక ప్రభుత్వం చేసినది, ఒక ఇంట్లో ఒక మాట చేయగలదు. పెంచుకున్న సంగతి మాత్రం దాచకండి. పక్కింటివారు చెప్పకముందే, మాటలు అర్థమయ్యే వయస్సులోనే కథలా మీరే చెప్పండి.

బిడ్డ మీలాగే వుంటుందని నేను హామీ ఇవ్వలేను. మీకు సంగీతం ఇష్టమైతే ఆ బిడ్డకు లెక్కలు ఇష్టం కావచ్చు. ఏ విత్తనమో తెలియకుండా మడి దున్నుతున్నారు, నిజమే. మొలిచాక అది ఏ మొక్కో చూసి, దానికి ఎంత నీరు కావాలో అంత పెట్టడమే పెంపకం. కన్నవాళ్ళూ చేసేది అంతే.

మీ అత్తగారి మీద కోపం పెట్టుకోకండి. ఆవిడ మాట్లాడుతున్నది ఇంకా చూడని బిడ్డ గురించి. దరఖాస్తు అలాగే వుండనివ్వండి. పిలుపు వచ్చిననాడు బిడ్డను చూడడానికి ఆవిడను కూడా వెంటబెట్టుకు వెళ్ళండి. రానంటే బలవంతం చెయ్యవద్దు. తిరిగి వచ్చాక బిడ్డకు మొదటి నీళ్ళు పోసే పని మాత్రం ఆవిడకే అప్పజెప్పండి. పసిబిడ్డకు నీళ్ళు పోయడం మీకు చేతకాదు గదా, ఆవిడకు బాగా వచ్చు. ఆ మాట ఆవిడతో అనండి.